కొర్రమీనుకు అడుగున తోడు ఏది?

మృగశిర కార్తె ప్రవేశించునపుడు హైదరాబాదు పాతబస్తీలోని దూద్ బౌలి పేరు దేశమంతటను వినబడుచుండెడిది. ఉబ్బసము గలవారిచేత, నోట మందుంచిన బ్రతికిన కొర్రమీను పిల్లను మ్రింగించుట బత్తినివారి యింట 1845వ సంవత్సరమునుండి వచ్చుచున్న ఆచారమని చెప్పుదురు. జనసమ్మర్దము మిక్కుటమగుటచే ఆ కార్యము పిమ్మట నాంపల్లి ఎగ్జిబిషను మైదానమునకు మారినది. మందు గుణమును గూర్చి వైద్యులు శంకించుచున్నారు. ఆ తర్కము మా పని గాదు. ఆ పనికి కొర్రమీనునే యేల యెన్నుకొనిరో మాత్రము రైతు గ్రహింపదగినది. ఈ చేప మొప్పలతో నీటిలోని వాయువును గ్రహించుటయే గాక, తలలోనున్న ప్రత్యేకావయవముచేత పైగాలిని గూడ పీల్చును. కావున చిన్న పాత్రలో, కొద్దిపాటి నీటిలో, గంటలకొలది ప్రాణముతో నుండగలదు. చెరువెండినప్పుడు తడిబురదలో దాగి వానకు ఎదురుచూచునదియు నిదియే. 2016లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర మత్స్యముగ ప్రకటించినది.

బజారులో కొర్రమీనుకు మోసు ధరకు రెండు మూడింతలు పలుకుట సామాన్యము. అందుచే మన సభ్యులలో పలువురు పొలపు గుంటలలోను, సంఘము గుత్తకు దీసికొనిన చెరువులలోను దీనిని వదలుచున్నారు. వదలిన పిమ్మట పుట్టు ప్రశ్న యొకటి కలదు: ఇది వేటాడు చేప గదా, దీనితోగూడ నీటియడుగున బ్రదుకు మరియొక జాతిని పెంచవచ్చునా? పట్టణములో అద్దపుతొట్టెలయందు ఆస్కారు, అరోవానా మొదలగు పెద్ద వేటచేపలను ముచ్చటకు పెంచువారును ఈ ప్రశ్ననే యడుగుచున్నారు. తొట్టెయైనను గుంటయైనను న్యాయమొక్కటే. కాని తొట్టెలో పొరపాటు జరిగిన నొక చేప పోవును, గుంటలో జరిగిన నొక పంట పోవును.

మొట్టమొదట చూడవలసినది నోరు. కొర్రమీను తన యెరను కొరికి ముక్కలు చేసి తినదు, నిలువున మ్రింగును. దాని నోట బట్టినది ఆహారము, పట్టనిది పొరుగు. స్నేహము, విరోధము అనునవి దానికి లేవు. కావున అడుగున నుంచదలచిన చేప, ముఖ్యముగ దాని నడుము వెడల్పు, కొర్రమీను నోటికి మించియుండవలయును. ఇందుకు మేలైన యుపాయము, తోడుచేపలను ముందుగా వదలి జానెడు పెరుగనిచ్చి, అటుపిమ్మట చిన్న కొర్రమీను పిల్లలను వదలుట. రెండింటిని ఒకేనాడు ఒకే పరిమాణమున వదలువారు కొద్ది నెలలకు వలలాగి, మోసు పిల్లలు ఏమైనవో తెలియక విత్తనము నమ్మినవానిని నిందించుదురు. కొర్రమీనులలోనే పెద్దది చిన్నదానిని మ్రింగుట గూడ కలదు గనుక, వానిని సైతము పరిమాణమునుబట్టి వేరుచేయుచుండుట మంచిది.

రెండవది ముల్లు. జెల్లకు వీపునను రెండు ప్రక్కలను గట్టి ముండ్లు గలవు. భయపడినంతనే అవి నిక్కి బిగిసికొనును, చచ్చినను ముడువబడవు. చిన్నదే గదా యని వేటచేప దానిని పట్టినచో ముల్లు గొంతున నాటుకొని రెండును చచ్చును. అద్దపుతొట్టెలవారికి ఇది పదేపదే యెదురగు ఆపద. ఇంగిలాయి ముల్లు విషపుముల్లు. దానిపోటు తిన్న బెస్తవారికి ఆ బాధను మేము వర్ణింప నక్కరలేదు. చిన్న జెల్లలు, ఇంగిలాయిలు కొర్రమీనుకు తోడుగావు.

ఇక తగిన తోడెవరన, మా యభిప్రాయమున గుంటలలో ఎర్రమోసు ప్రథమము. అది అడుగుననుండి క్రుళ్లిన ఆకుఅలములను, బురదలోని సూక్ష్మపదార్థములను తినును; ఎవరి జోలికిని పోదు. బంగారుతీగ గూడ అడుగు చేపయే, త్వరగా పెరుగును. కాని అది మూతితో బురదను త్రవ్వుచు నీటిని కలకజేయును. కొర్రమీను కంటితో జూచి వేటాడునది గనుక ఎల్లప్పుడును కలకగానున్న నీరు దానికి అనుకూలము గాదు. గట్లు మెత్తగానున్న చిన్నగుంటలో బంగారుతీగను మేము సలహా యియ్యము. విశాలమైన చెరువులో కొంతమేరకు వదలిన తప్పులేదు.

ఇచ్చట నొక చిక్కు గలదు. కొర్రమీను గాలి పీల్చి బ్రదుకును. మోసు అట్లు బ్రదుకలేదు. మబ్బుపట్టిన దినముల మరునాటి వేకువను, ఎండకాలమున నీరు తగ్గినపుడును, నీటిలో ప్రాణవాయువు క్షీణించును. కొర్రమీను హాయిగా నున్నదిగదా యని రైతు ఏమరినచో, మోసులు పైకివచ్చి నోళ్లు తెరచుచు చచ్చుట చూడవలసివచ్చును. తెల్లవారుజామున గుంటవద్దకు బోయి చూచుటకంటె సులభమైన పరీక్ష వేరొకటి లేదు.

అడుగుచేప చెత్తనంతయు తిని నీటిని శుభ్రపరచునని కొందరి నమ్మకము. ఇది సగము సత్యము మాత్రమే. అది తినినది మరల మలముగ నీటిలోనే పడును. మిగిలిన మేత క్రుళ్లి పుట్టు అమ్మోనియా రెండు చేపలకును విషమే. మేత తగ్గించుటయు నీరు మార్చుటయు తప్ప దానికి మందు లేదు.

మార్పును గూర్చి యడుగువారు పలువురు. మన దేశపు మార్పు మంచి చేపయే. అదియు గాలి పీల్చును, రాత్రులందు తిరుగును, నీరు తక్కువైనను ఓర్చును. సమానమైన పరిమాణముగలదియై దాగుటకు పెంకులు, గొట్టములు ఉన్నయెడల కొర్రమీనుతో కలిసియుండగలదు. అయితే మార్పు పేరుతో ఆఫ్రికా జాతి పిల్లలను అమ్మువారున్నారు. మన మార్పు మూరెడు దాటుట అరుదు. ఆఫ్రికాది గజమునకు మించి పెరిగి కొర్రమీనునే తినగలదు. దాని పెంపకమును భారత ప్రభుత్వము 2000 సంవత్సరమందు నిషేధించినది. తెలంగాణములోను రహస్యముగ పెంచిన గుంటలను అధికారులు ధ్వంసము చేసిన సందర్భములు గలవు. చవుకగా వచ్చినదని కొనినవానికి విత్తనపు సొమ్ముతోగూడ గుంటలోని పంటయు పోవును.

అన్నిటికంటె మేము భయపడునది వేరొకటి. అద్దపుతొట్టెలలో పాచిని నాకుటకై దక్షిణ అమెరికానుండి తెచ్చిన నల్లని చేప యొకటి గలదు. ఒంటినిండ ఎముకపలకలు, క్రిందివైపు నోరు. దెయ్యపుచేప యని మనవారు పిలుచుచున్నారు. పెద్ద వేటచేపలకు ఇదియే తగిన తోడని అంగళ్లవారు చెప్పుదురు. పలకలచేత అది మ్రింగబడదు, నిజమే. కాని ఆకలిగొన్నప్పుడు కదలక పడియుండు పెద్దచేపల ఒంటిమీది జిగురును గీకి తిని పుండ్లు చేయుట కలదు. పెరిగి తొట్టె చాలకపోయినపుడు కొందరు దానిని జాలిపడి చెరువులో వదలుదురు. ఆంధ్ర తెలంగాణముల జలములలో ఇది ఇప్పటికే పలుచోట్ల వలలకు బడుచున్నది. దాని ముండ్లకు వలలు చినుగును, తినువారు లేరు.

నష్టము వలతో తీరదు. ఈ చేప గ్రుడ్లు పెట్టుటకు గట్టులో రెండు మూడడుగుల లోతువరకు బొరియలు త్రవ్వును. పాతబస్తీ చెంతనున్న మీరాలం చెరువు కట్ట, 1806 ప్రాంతమున ముగిసినది, 21 విలుకమానులను వరుసగ నిలిపి రాతితో కట్టినది; అట్టి కట్టను ఏ చేపయు త్రవ్వజాలదు. పాకాల, రామప్ప మొదలు మన యూరి కుంటవరకు తక్కినవన్నియు మట్టికట్టలు. ఎండ్రకాయ బొరియ యెట్టి గండికి మూలమగునో ఆయకట్టు రైతునకు ఎరుకయే. ఆ కట్ట క్రింద వరిమడి గలవాడు చేపలు పెంచనివాడైనను ఈ విషయమున ఉదాసీనుడై యుండరాదు.

కావున సంఘము తరఫున లారీ వచ్చినపుడు పిల్లలను నేరుగా చెరువులో గ్రుమ్మరింపక, ముందు తొట్టెలో పోసి పగటివెలుతురున చూడవలయును. మీసములు గల పిల్లలను వేరుచేసి మత్స్యశాఖవారికి చూపవలయును. ఇండ్లలో అద్దపుతొట్టెలుగల పట్టణపు బంధువులకు, అక్కరలేని చేపను అంగడివానికే తిరిగి యిమ్మని, ఊరి చెరువునకు తేవలదని చెప్పియుంచవలయును. కార్తె దాటి తొలివానల నీరు నిలిచిన పిమ్మట మోసును, అది జానెడైన పిమ్మట కొర్రమీనును వదలుడు.