అగ్ని మేర దాటిన వేళ

ఆలయంలో అగ్ని లేని పూట లేదు. గర్భాలయంలోని అఖండదీపం, హారతి కర్పూరం, యాగశాలలోని కుండం, పోటులోని పొయ్యి, అన్నదాన సత్రంలోని గ్యాసు బండలు, ప్రాకారమంతటా వెలిగే విద్యుద్దీపాలు, అన్నీ ఆ ఒక్క దేవత రూపాలే. ఋగ్వేదం ఆరంభమయ్యేదే అగ్నిస్తుతితో. అయితే ఆ దేవతను ఆహ్వానించే విధిని చెప్పిన పూర్వులే ఆయనకు మేరను కూడా నిర్ణయించినారు. హోమకుండానికి మేఖలలు, ఆహవనీయం చుట్టూ పరిధులు, దర్భల పరిస్తరణం, నీటితో పరిషేచనం ఏర్పరచినారు. వీటి ఆధ్యాత్మికార్థం ఎట్లున్నా, అగ్నికి ఇంతవరకే చోటు అన్న హద్దు వాటిలో ఉన్నదని నా తలంపు. ఆ హద్దు దాటిననాడు మనం పిలువవలసినది అగ్నిమాపక దళాన్ని. ఆ దళం చేసే సేవ ఎట్టిది, దానికి మనవంతు సాయం ఏమిటి అన్నది యాత్రికులకూ దాతలకూ తెలిసి ఉండదగిన విషయం.

ఇది నేటి ప్రభుత్వాలు కొత్తగా కనిపెట్టిన సేవ అని కొందరు అనుకుంటారు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నగరపాలకుని విధులు చెప్పే చోటు చూడండి. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఇళ్ళలో నిప్పు రాజేయరాదన్నాడు. ప్రతి గృహస్థు నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కప్పును లాగివేసే కొక్కెం, తోలుతిత్తి సిద్ధంగా ఉంచుకోవలెనన్నాడు. వీధులలోనూ కూడళ్ళలోనూ నీటికుండలు వరుసలుగా వేల సంఖ్యలో ఉండవలెనన్నాడు. నిప్పుతో పని చేసి బ్రదికేవారు ఊరిలో ఒకే చోట నివసించవలెనని కూడా విధించినాడు. నన్ను ఎక్కువగా ఆకర్షించినది దండనల వివరం. ఇల్లు అంటుకున్నప్పుడు ఆర్పడానికి పరుగెత్తని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకున్నవానికి 6 పణాలు జరిమానా. అజాగ్రత్త వలన నిప్పు అంటించినవానికి 54 పణాలు. చూస్తూ నిలుచున్నవాడు కూడా దోషియే అన్నమాట! నేడు మంట కనబడగానే చరవాణి తీసి చిత్రీకరించేవారిని చూసినప్పుడల్లా ఆ 12 పణాలు నాకు గుర్తుకు వస్తాయి.

నేటి వ్యవస్థకు వస్తే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ శాఖ పేరులో అగ్నిమాపక సేవతోపాటు విపత్తు స్పందన కూడా చేరి ఉన్నది. దానికి ఆధారం 1999 నాటి అగ్నిమాపక సేవా చట్టం. కేంద్రంలో స్టేషన్ ఫైర్ ఆఫీసరు, లీడింగ్ ఫైర్‌మన్‌లు, డ్రైవర్ ఆపరేటర్లు, ఫైర్‌మన్‌లు ఉంటారు. 101కు గాని 112కు గాని పిలుపు అందిన క్షణం నుండి వారికి తీరిక ఉండదు. ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు జరిగే వారోత్సవాలకు ఒక విషాదకారణం ఉన్నది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే నౌక తగులబడినది. అందులో ప్రత్తి బేళ్ళూ ప్రేలుడు సామగ్రీ కలిపి ఎక్కించి ఉన్నారు. ఆర్పుతూ ఉండగానే నౌక ప్రేలినది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు విడిచినారు. వారి స్మరణకే ఆ వారం. ఆ దినాలలో పాఠశాలలకూ ఆసుపత్రులకూ కూడళ్ళకూ వచ్చి సిబ్బంది ప్రదర్శనలిస్తారు. మన వీధికి వచ్చినప్పుడు పిల్లలే కాక పెద్దలు కూడా నిలబడి చూడవలె.

మంటలు ఆర్పడమే వారి పని అనుకుంటే పొరపాటు. పల్లెలలో గడ్డివాములు, పూరిళ్ళు అంటుకున్నప్పుడు వచ్చేది వారే. బావిలో పడిన ఆవును త్రాళ్ళతో పైకి తీసేదీ, దారిలో నుజ్జయిన వాహనాన్ని కోసి లోపలివారిని తీసేదీ వారే. పుణ్యస్నానాల రేవులలో పడవలతో, ప్రాణరక్షక కవచాలతో కాచి ఉండేవారిలోనూ వారున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, నీరు తీసిన తరువాత ఇళ్ళలోనూ వీధులలోనూ మేట వేసిన బురదను అగ్నిమాపక శకటాలతోనే కడిగినారు. నిప్పును ఆర్పే గొట్టం వరద బురదను కడిగినది! 2027లో గోదావరి పుష్కరాలు రానున్నవి. ఆ రేవులలో ఖాకీ దుస్తులవారు లోతునకు పోవద్దన్నప్పుడు, నాకు ఈత వచ్చునని వాదించకుండా వెనుకకు రావడం మంచిది.

ఇక ఆలయాల సంగతి. 1997 జూన్ 7న తంజావూరు బృహదీశ్వరాలయంలో కుంభాభిషేక సందర్భంగా వేసిన యాగశాల పందిరి అంటుకున్నది. నలభై మందికి పైగా భక్తులు మరణించినారు. మంటకు తోడు తొక్కిసలాట జరగడం ఆ విషాదాన్ని పెంచినది. వేయేండ్లుగా నిలిచిన రాతి కట్టడం చెక్కుచెదరలేదు. పోయినది దాని నీడలో కొద్ది దినాలకని వేసిన పందిరి, అందులోని ప్రాణాలు. 2023 మార్చి 30న శ్రీరామనవమి నాడు పశ్చిమగోదావరి జిల్లా దువ్వ వేణుగోపాలస్వామి ఆలయంలో తాటాకు పందిరి కాలినది. దైవకృప వలన ప్రాణహాని కలుగలేదు. 2020 సెప్టెంబరులో ఒక అర్ధరాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి టేకు రథం షెడ్డులోనే దగ్ధమైనది. కొత్త రథం తయారు కావడానికి నెలలు పట్టినది. ఈ మూడింటిలోనూ కాలినది రాయి కాదు. తాటాకు, గుడ్డ, కఱ్ఱ. మనం తెచ్చి పెట్టినవే. కనుక పందిరి వేసేవారు రాకపోకలకు ఒకే ద్వారం వదలరాదు. విద్యుత్తీగలను తాటాకులలో దోపరాదు. ఉత్సవానికి ముందే అగ్నిమాపక కేంద్రానికి తెలియజేసి, అనుమతి పొంది, వారు చూపిన లోపాలను సరిదిద్దవలె. బ్రహ్మోత్సవాలకు శకటాన్ని ముందుగానే రప్పించి నిలుపుకునే ఆచారం అనేక క్షేత్రాలలో ఉన్నది.

మంట బ్రదకడానికి మూడు కావలె: మండే పదార్థం, వేడి, గాలిలోని ప్రాణవాయువు. ఏ ఒక్కటి తీసివేసినా అది ఆరిపోతుంది. నీరు వేడిని తీస్తుంది, తడి గోనె గాలిని ఆపుతుంది, ప్రక్కనున్న గడ్డిని లాగివేస్తే ఆహారం పోతుంది. కౌటిల్యుడు కొక్కెం చెప్పినది ఈ మూడవదాని కొరకే. కాని నీరు అన్నింటికీ మందు కాదు. పోటులో బూరెల మూకుడు అంటుకున్నప్పుడు నీరు పోయడం మహాప్రమాదం. నీరు నూనె కన్న బరువైనది కనుక అడుగుకు పోతుంది. అక్కడి వేడికి తటాలున ఆవిరియై దాదాపు 1,600 రెట్లు వ్యాకోచించి, మండుతున్న నూనెను నలుదిక్కులకు చిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూకుడును సరిపోయే మూతతో కప్పివేయడమే సరియైన పద్ధతి. విద్యుత్తు వలన వచ్చిన మంటపై కూడా, ప్రవాహాన్ని ఆపకుండా నీరు పోయరాదు. వంటగ్యాసు గాలికన్న బరువైనది, నేలబారుగా ప్రాకుతుంది. వాసన తగిలినప్పుడు దీపం వెలిగించరాదు, స్విచ్చి వేయరాదు, తీయరాదు. తలుపులు తెరచి, రెగ్యులేటరు మూసి, అందరూ బయటికి రావలె.

కార్తిక పౌర్ణమి నాడు 365 వత్తులు వెలిగించే తల్లులకు ఒక విన్నపం. నైలాను చీర అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలుచీర కట్టుకొని, కొంగు నడుముకు బిగించండి. బట్టకు నిప్పంటితే పరుగెత్తరాదు. పరుగు మంటకు విసనకఱ్ఱ. నేలపై పడి దొర్లవలె, లేదా ప్రక్కవారు మందపు కంబళి కప్పవలె. కాలిన చోట ఇరువది నిమిషాలపాటు చల్లని నీటిధార పట్టవలె. సిరా, పళ్ళపొడి, పసుపు పూయడం మంచిది కాదు. పొగ నిండిన మండపం నుండి బయటపడేవారు వంగి, ముక్కుకు తడిగుడ్డ అడ్డుపెట్టుకొని నేలబారుగా నడవవలె. అగ్నిప్రమాదాలలో ప్రాణాలు తీసేది చాలావరకు పొగయే.

101కు ఫోను చేసినప్పుడు తొందరలో మంట, మంట అని అరచి పెట్టివేయరాదు. ఊరు, వీధి, ఆనవాలు, ఏమి కాలుతున్నది, లోపల ఎవరైనా ఉన్నారా అన్నవి చెప్పి, అవతలివారు చాలునన్న తరువాతనే పెట్టవలె. ఒకరు కూడలి వద్ద నిలబడి దారి చూపవలె. వేల లీటర్ల నీరు మోసుకొని వచ్చే శకటం మాడవీధిలో మలుపు తిరగాలంటే చోటు కావలె. ఉత్సవాల నాడు కార్లు అడ్డదిడ్డంగా నిలిపి దర్శనానికి వెళ్ళే యాత్రికులు ఈ సంగతి గుర్తుంచుకోవలె. ఆ శకటం మీ కొరకే రావలసి ఉండవచ్చును.

దాతలకు ఒక మాట. గంటకు, దీపస్తంభానికి, పంఖాకు దాతల పేర్లు చెక్కించిన ఆలయాలు ఎన్నో చూసినాను. ఇసుక బాల్చీపై దాత పేరు ఇంతవరకు చూడలేదు. అగ్నిమాపక సిలిండరు గాని, పోటు వద్ద పొడి ఇసుక తొట్టి గాని, యాగశాలకు నీటి పీపాలు గాని సమర్పించండి. అది కూడా కైంకర్యమే. సిలిండరు ఇచ్చి ఊరుకోక, ఏటేటా పరీక్షింపజేసే వ్యయం కూడా భరించండి. దానిపై ఉన్న సూచిక ముల్లు పచ్చరంగు భాగంలో ఉంటేనే అది పనిచేస్తుంది. దానిని వాడే విధం అర్చకులకూ వంటవారికీ రాత్రి కావలివారికీ తెలిసి ఉండవలె: ముందు పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదటికి గురిపెట్టి, మీట నొక్కి, ఎడమ నుండి కుడికి ఊపుతూ చిమ్మవలె. మంట కొనలపై చిమ్మితే ఫలం లేదు. అభ్యాసం చేయించమని మీ ఊరి అగ్నిమాపక కేంద్రాన్ని కోరండి.