చేప వ్యర్థాల నుంచి సహజ యాంటీఆక్సిడెంట్ పెప్టైడ్లు

చేపల శుద్ధిలో తల, చర్మం, ముళ్ళు, పేగుల రూపంలో దాదాపు సగం బరువు వ్యర్థంగా మిగులుతుంది. ఈ వ్యర్థాల మాంసకృత్తులలో, కొవ్వులు ఆక్సీకరణ చెందకుండా అడ్డుకోగల పెప్టైడ్లు ఇమిడి ఉన్నాయి. మాతృ ప్రోటీనులో బంధితమై ఉన్నంతవరకు అవి నిష్క్రియంగానే ఉంటాయి.

వాటిని విడదీయడానికి వ్యర్థాలను రుబ్బి, నీరు కలిపి, 50-60 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఉదజని సూచిక 8 సమీపంలో ఆల్కలేజ్ ఎంజైముతో జలవిశ్లేషణ జరుపుతారు. ఈ చర్యను ఎప్పుడు ఆపాలన్నదే కీలకం. ముందే ఆపితే పెప్టైడ్లు తగినంతగా విడుదల కావు. ఆలస్యమైతే చురుకైన పెప్టైడ్లు సైతం ఛిన్నమై సామర్థ్యం తగ్గవచ్చు. అందుచేత మధ్యమధ్య నమూనాలు పరీక్షించి, తగిన దశలో సుమారు 90 డిగ్రీల వద్ద 10-15 నిమిషాలు వేడిచేసి ఎంజైమును నిర్వీర్యం చేస్తారు.

అసలు చిక్కు ప్రయోగశాలలో కాదు, శుద్ధి కేంద్రం ఆవరణలోనే ఉంది. మంచు లేకుండా గంటల తరబడి పడి ఉన్న వ్యర్థాలలోని కొవ్వు అప్పటికే ఆక్సీకరణ చెందడం మొదలవుతుంది. అటువంటి ముడిసరుకు నుంచి నాణ్యమైన యాంటీఆక్సిడెంటును ఆశించడం అసంగతం. పేగులను వేరుచేసి, తలలను, చర్మాన్ని వెంటనే మంచులో భద్రపరచాలి.