హైదరాలీ: దండనాయకుడు రాజ్యనాయకుడైన విధము

కత్తిచే రాజ్యము సంపాదించినవారు మన దేశచరిత్రమున పెక్కురు. తాము కన్నుమూసిన మరునాడు ఆ రాజ్యము చెదరకుండునట్లు కట్టుదిట్టము చేసినవారు అరుదు. దండనాయకునికిని రాజ్యనాయకునికిని గల భేదము ఇచ్చటనే తేటపడును. ఈ గీటురాతిపై హైదరాలీని పరీక్షించుట మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి మిక్కిలి తగిన పని. ఏలయన, ఇతడు జన్మించిన బూదికోట కుప్పమునకు వాయవ్యమున, కోలారు జిల్లాలో నున్నది. మరణించిన నరసింగరాయనిపేట చిత్తూరునకు చేరువది. మదనపల్లె సీమకు కావలియైన గుర్రంకొండ దుర్గమును ఇతని బావమరిది మీర్ సాహేబు ఏలెను. 1771లో మహారాష్ట్రులు దానిని గైకొనగా, 1773లో కుమారుడు టిప్పు మరల సాధించెను.

హైదరు చదువుకొన్నవాడు కాడు. ఒక్క అక్షరమే ఆతని చేవ్రాలు. అయినను కన్నడము, తెలుగు, మరాఠీ, తమిళము, హిందూస్తానీ ధారాళముగ మాటలాడెడివాడు. 1749లో దేవనహళ్లి ముట్టడిలో పేరుగాంచి, 1755లో దిండిగల్లు ఫౌజుదారై, ఫ్రెంచి పనివాండ్ర సాయమున ఫిరంగుల కార్ఖానా నెలకొల్పెను. జీతములు ముట్టక మైసూరు సేన తిరుగబడినప్పుడు, బాకీలు తీర్చి శాంతింపజేసినవాడు ఇతడే. 1761 నాటికి సర్వాధికారమును ఇతని చేజిక్కెను. వొడయరు మాత్రము పేరునకు సింహాసనముపై నిలిచెను.

1769లో ఇతడు చెన్నపట్టణపు వాకిట నిలిచి, ఇంగ్లీషు కంపెనీచే సంధి చేయించుకొనెను. పరులు పైబడిన ఒకరికొకరు తోడ్పడవలెనని అందొక షరతు. మహారాష్ట్రులు మైసూరుపై దండెత్తినపుడు కంపెనీ ఆ మాట నిలుపుకొనలేదు. ఆ కసితో 1780లో ఇతడు కర్ణాటకముపై దిగి, కంచి దాపున పొల్లిలూరిలో బెయిలీ దళమును రూపుమాపెను. కాని ఆ దండయాత్రలో చెన్నపట్టణము చుట్టునున్న పల్లెలను తగులబెట్టించిన పాపము కప్పిపుచ్చదగినది కాదు. నవాబుతోను కంపెనీతోను పగయైన, రైతు ఇల్లు కాలుటకు కారణమేమి? 1781లో పరంగిపేట వద్ద ఓడిన పిదప ఇంకొక సత్యము తెలిసెను: శత్రువునకు బలము సముద్రమార్గమున వచ్చుచుండెను. ఆ సముద్రమును తాను ఎండింపజాలనని హైదరు వాపోయినట్లు చరిత్రకారులు వ్రాసిరి.

1782వ సంవత్సరము డిసెంబరు 7వ తేదిన, నరసింగరాయనిపేట దండులో, వీపున లేచిన రాచపుండుతో ఆతడు మరణించెను. టిప్పు అప్పుడు దూరమున మలబారు తీరమున యుద్ధమున నుండెను. పూర్ణయ్య, కృష్ణారావు మొదలగు మంత్రులు ఆ వార్తను పొక్కనీయలేదు. దేహమును పెట్టెలోనుంచి, ఖజానా పంపుచున్నట్లు కావలితో కోలారునకు చేర్చిరి. పిమ్మట శ్రీరంగపట్టణమున సమాధి చేసిరి. టిప్పు వచ్చి చేరువరకు దండు చెదరలేదు. 1784లో మంగళూరు సంధిని మైసూరు తలయొగ్గక చేసికొనగలిగెను.

ఇచ్చట యోచింపదగిన విషయమొకటి కలదు. సింహాసనమునకు హక్కుదారు కాని ముసల్మాను సేనాని మరణించెను, కొడుకు దగ్గరలేడు, శత్రువు ఎదుట నిలిచియుండెను. అట్టి గడియలో హిందూ మంత్రులు బొక్కసమును, సేనను కాపాడి కొడుకున కప్పగించిరి. కేవల భయముచే కట్టిన కొలువైనచో భయపెట్టువాడు పోయిననాడే కూలియుండెడిది. హైదరు కులమును మతమును చూడక పనివానిని చూచెను. ఫలము మరణానంతరము లభించెను.

అయితే ఇంట కుదిరిన ఆ పొత్తు ఇరుగుపొరుగున కుదరలేదు. 1780లో కంపెనీపై కలిసిన నిజాము, మహారాష్ట్రులు నిలువలేదు. మహారాష్ట్రులు 1782లోనే సాల్బాయిలో వేరుగ సంధి చేసికొనిరి. 1792లో ఆ యిరువురును కంపెనీతో చేరి మైసూరు రాజ్యమున సగము పంచుకొనిరి. 1799 మే 4వ తేదిన శ్రీరంగపట్టణము పడెను. గుర్రంకొండ సీమ నిజామునకు దక్కి, మరుసటి యేడే కంపెనీ వశమయ్యెను. ఆ పంపకమున నిజాము పొందిన లాభము ఒక్క యేడు!

మైసూరును కూల్చినది ఫిరంగులు మాత్రమే కాదు. ఒక రాజ్యములోపల సాధ్యమైన నమ్మకము దేశమంతట సాధ్యము కాకపోవుటయే మూలము. హైదరు విడిచిపోయిన పని అదియే. దానిని పూర్తిచేయుట దండనాయకుల వలన కాదు, ప్రజల వలననే కాగలదు.