గోడ అవతలి పిల్లలు

రాత్రి పదకొండున్నర. మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. గోడ అవతల పాట. పాట అనేకంటె దరువు అనాలి. మాటలు వినబడవు, ఆ దెబ్బ మాత్రం గోడలో నుండి మంచం కోళ్లలోకి దిగుతుంది. మా ఆయనకు బీపీ ఉన్నది. డాక్టరుగారు వేళకు నిద్రపొమ్మన్నారు. ఏ వేళకు? గోడ అవతలి పిల్లలకు వేళ అనేది లేదు.

తెల్లవారి లేచి చూస్తే మా గేటు ముందు మోరీలో కోడిగుడ్ల పెంకులు, బిర్యానీ పొట్లాల కాగితాలు, ఉల్లిగడ్డ పొట్టు. నీళ్లు పోక మోరీ నిండి వాకిట్లోకి వస్తున్నది. నల్లా వచ్చే వేళకు వాళ్ల బకెట్లు వరుసలో ఉండవు. వచ్చినప్పుడు మాత్రం నింపి, నల్లా కట్టకుండా పోతారు.

ఈ సంగతి మా ఇంటిది మాత్రమే కాదని తెలిసి దీనిని వ్రాస్తున్నాను. కాలేజీ ఉన్న ప్రతి ఊరిలో, రూములు కిరాయికిచ్చే ప్రతి వీధిలో ఇదే ఫిర్యాదు. అయితే ఈ పత్రిక చదివే కుటుంబాలలో సగం మంది పల్లెలలో ఉన్నవారు. గోడకు ఇవతల ఉన్న నాలాంటివారి కంటె, గోడకు అవతల ఉన్న పిల్లల తల్లిదండ్రులే మీలో ఎక్కువేమో. ఇద్దరి కొరకూ వ్రాస్తాను.

కాగజ్‌నగర్ ఎరుగని చదువరుల కొరకు నాలుగు మాటలు. ఇది మొదట కొత్తపేట. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు నెలకొని, 1942 నుండి కాగితం తీయడం మొదలైన తరువాత ఊరి పేరే కాగజ్‌నగర్ అయినది. 2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. మా ఆయన ఆ మిల్లులోనే పనిచేశారు. కాబట్టి చప్పుడు మాకు కొత్త కాదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, పట్టపగలు వీధి అంతా మేలుకొని ఉండగా నిద్రపోయిన మనిషి ఆయన. 2014 సెప్టెంబరులో మిల్లు మూతబడినప్పుడు ఈ ఊరికి తెలిసింది, చప్పుడు లేకపోవడం ఎంత భయంకరమో. వీధిలో ఒక్కొక్క ఇంటికి తాళం పడింది. బ్రతుకుతెరువు కొరకు కొందరు హైదరాబాదు, కొందరు మహారాష్ట్ర వెళ్లారు. 2018లో జె.కె. పేపర్ వారి చేతికి వచ్చిన తరువాత మిల్లు మళ్లీ నడుస్తున్నది గాని, పోయిన వారందరు తిరిగి రాలేదు. మా ప్రక్క ఇల్లు అట్లా ఖాళీ అయినదే. ఓనరు దానిని మూడు రూములు చేసి విద్యార్థులకు కిరాయికిచ్చాడు. బెజ్జూరు, కౌటాల, దహెగాం, చింతలమానేపల్లి వైపు ఊళ్ల పిల్లలు. హాస్టలులో సీటు దొరకనివారు, దొరికినా ఉండలేనివారు నలుగురేసి కలిసి ఒక రూము తీసుకుంటారు.

ఇక నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. ఇరవై దినాలు ఆ పిల్లలను గూర్చి అందరితో చెప్పాను, ఆ పిల్లలతో తప్ప. నల్లా దగ్గర చెప్పాను. కూరగాయల బండి దగ్గర చెప్పాను. స్త్రీల సమాజములో ప్రార్థన మనవిగా కూడ ఇచ్చాను! సహోదరీలందరు కన్నీటితో ప్రార్థించారు. వాళ్ల పేర్లేమిటి అని ఒక్కరు అడగలేదు. అడిగినా నాకు తెలియదు.

వీధిలో ఒకామె అన్నది, “అడివి ఊళ్లోళ్లు, గా కులపోళ్లు, గిట్లనే ఉంటరు. అందుకే రూములియ్యొద్దు.” ఆ మాట నేను అనలేదు గాని, వింటూ ఊరుకున్నాను. మన సంఘములలో ఎంతమందికి పట్నంలో ఇల్లు కిరాయికి అడిగినప్పుడు మొదట పేరు, తరువాత ఊరు, ఆ తరువాత కులం అడిగి, చివరకు “మొన్ననే ఇచ్చేసినం” అన్న జవాబు రాలేదు? మా ఆయనకు ఈ ఊరిలో మొదటి ఇల్లు దొరకడానికి పట్టిన దినాలు నాకు గుర్తున్నవి. అది గుర్తుండి కూడ ఆ దినాన నోరు మెదపలేదు. పెంకుల మోరీ కంటె ఇదే నన్ను ఎక్కువగా బాధించింది, అయితే ఆ సిగ్గు కూడ తరువాతనే వచ్చింది.

చివరకు ఓనరుకు ఫోను చేశాను. ఆయన బండి మీద వచ్చి వీధి నడుమ నిలబడి, అందరు వినేటట్లు ఆ పిల్లలను తిట్టి, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. అది జనవరి. ఇంటర్ ప్రాక్టికల్స్ ముందున్నవి, వెంట పరీక్షలు. ఆ సమయములో రూము పోతే ఎక్కడికి పోతారు? నేను కోరింది రాత్రి నిద్ర. నా ఫోను తెచ్చినది నలుగురి చదువు మీదికి. రెండు దినాలు చీమ చిటుక్కుమనలేదు. మూడవ దినాన స్పీకరు డబ్బా మా గోడ వైపుకే తిప్పి పెట్టారు.

ఆ వారమే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన కూడిక. ఇరవైమంది వచ్చారు. హార్మోనియం, డోలక్, కంజర. మైకు కూడ పెట్టించాము, డబ్బా మేడ మీద వీధి వైపు కట్టించాము. ఏడు గంటలకు మొదలైనది, సాక్ష్యాలు అయ్యేసరికి పది దాటింది. గేటు చప్పుడైతే బయటకు వచ్చాను. ప్రక్క రూము పిల్లవాడు. చేతిలో రికార్డు పుస్తకం. కొట్లాటకు వచ్చాడనుకొని గుండె గట్టి చేసుకున్నాను.

“పెద్దమ్మా, రేపు మాకు ప్రాక్టికల్ ఉన్నది. మైకు జర తగ్గిస్తరా?”

నేను జవాబు వెదుక్కుంటూ ఉండగా, లోపల నుండి వింటున్న అయ్యగారు లేచి వచ్చి తన చేతితో మైకు ఆపివేశారు. “బాబూ, మాది తప్పు. పోయి చదువుకో” అన్నారు. కూడిక మైకు లేకుండనే ముగిసింది. హాలులో ఉన్న ఇరవైమందికి అంతా చక్కగా వినబడింది. మరి ఆ మైకు ఎవరి కొరకు పెట్టినట్టు?

అయ్యగారు వెళ్లేటప్పుడు ఒక కేసు సంగతి చెప్పారు. మన సంఘాలు తెలుసుకొనదగినది. మద్రాసులో మాధవరం హైరోడ్డు దగ్గర కె.కె.ఆర్. నగర్‌లో ఒక ఫుల్ గాస్పెల్ సంఘము లౌడ్ స్పీకర్లు, డ్రమ్ములు పెట్టి ఆరాధన చేస్తుంటే, చుట్టుప్రక్కల ఇండ్లవారు కోర్టుకు వెళ్లారు. చప్పుడు రోడ్డు మీది వాహనాలదే గాని సంఘముది కాదని అధికారుల పరీక్షలో కూడ ఒక మాట వచ్చింది. అయినా హైకోర్టు సంఘమువారిని స్పీకర్ల చప్పుడు తగ్గించమన్నది. వారు సుప్రీం కోర్టుకు వెళ్లారు. 2000 ఆగస్టు 30న సుప్రీం కోర్టు వారి అప్పీలు కొట్టివేసింది. ప్రక్కవారి శాంతిని చెరిపి ప్రార్థించుమని ఏ మతమూ చెప్పదని, డప్పులతోను యంత్రాలతోను చేయుమని అసలే చెప్పదని ఆ తీర్పు సారాంశం. ముసలివారు, రోగులు, పసిపిల్లలతో పాటు పరీక్షకు చదువుకునే విద్యార్థిని కూడ అందులో ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఆ తీర్పు ప్రకారం ఆ రాత్రి మా వీధిలో న్యాయం ఎవరి ప్రక్క ఉన్నదో చెప్పనక్కరలేదు. వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించేవానిని గూర్చి సామెతలు 27వ అధ్యాయములో ఒక మాట ఉన్నది. 14వ వచనము, తెరచి చూసుకోండి. దేవుని గ్రంథములో హాస్యం లేదనేవారు దానిని చదవలేదేమో.

అదే 2000 సంవత్సరములో కేంద్ర ప్రభుత్వము శబ్ద నియమాలు కూడ చేసింది. రాత్రి పది మొదలు ఉదయం ఆరు వరకు బయట మైకులు పెట్టకూడదు. ఇండ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటరాదు. మనం కూర్చొని మామూలుగా మాట్లాడుకునే మాటే దాదాపు 60 ఉంటుందట. అంటే రాత్రి హద్దు ఎంత చిన్నదో చూడండి. ఈ నియమం స్పీకరు డబ్బాకు, డీజేకు, గుడి మైకుకు ఒక్కటే.

మరునాడు సాయంత్రం నేను ఒక్కదాన్నే వెళ్లాను. తప్పు చేసినవాని దగ్గరకు మొదట ఒంటరిగా వెళ్లుమని మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరుస ఉన్నది గదా, నేను దానిని తలక్రిందులు చేసి వీధితో మొదలుపెట్టాను. చేతిలో గిన్నెడు పప్పుచారు, కొంచెం మామిడి తొక్కు. లంచం అనుకుంటే అనుకోండి.

ఆ రూము లోపల మొదటిసారి చూశాను. పది అడుగులకు పది అడుగులు. నలుగురు. ఒక కుక్కరు, ఒక చిన్న గ్యాసు పొయ్యి. దండెం మీద తడి బట్టలు. బియ్యపు సంచిలో పుస్తకాలు. చెత్త వేసే డబ్బా అనేది ఆ ఇంట్లోనే లేదు. అడిగితే ఒకడు తెల్లబోయి, “ఊళ్లె పెంట మీద ఏస్తం పెద్దమ్మా, ఈడ పెంట ఏది?” అన్నాడు. అతని మాట నిజమే. పల్లెలో పారవేసినది పెంటలో కుళ్లి ఎరువై చేనుకు పోతుంది. ఇక్కడ మోరీయే వాళ్లకు పెంటలాగ కనబడింది. చప్పుడు సంగతీ అంతే. పల్లెలో ఒకరి పాట వాకిట్లో మొదలై చేలలోకి పోతుంది. ఒక గోడకు రెండు ఇండ్లు ఆనుకొని ఉండటం వాళ్లు ఎరుగరు. కొంత కొంటెతనం లేదని నేను అనను. స్పీకరు మా వైపు తిప్పినది ఎరుగక చేసిన పని కాదు. “ఓనరును పిలిచిన కోపంల తిప్పినం” అని వాళ్లే ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను.

పేర్లు అడిగాను. ఎవరి తల్లి కూలికి పోతుందో, ఎవరి తండ్రి లేడో, ఎవరికి పత్తి చేను ఉన్నదో తెలిసింది. పేరు తెలిసిన తరువాత ‘వాళ్లు’ అనడం కష్టం.

కొన్ని ఒప్పందాలు చేసుకున్నాము. పది తరువాత డబ్బా బంద్, చెవుల్లో పెట్టుకునేవి పెట్టుకోవాలి. ఎవరిదైనా పుట్టినరోజు ఉంటే ముందు దినం చెప్పాలి, పదకొండు వరకు ఓర్చుకుంటాము. మా కూడిక తొమ్మిదిన్నరకు ముగియాలి, మైకు ఉండదు. వాళ్లకు పరీక్ష ఉన్న రాత్రి కూడిక వేరే ఇంట్లో. చెత్తకు రెండు డబ్బాలు, తడికి ఒకటి, పొడికి ఒకటి. మున్సిపాలిటీ బండి వచ్చే వేళకు వాళ్లు కాలేజీలో ఉంటారు గనుక డబ్బాలు మా గేటు దగ్గర పెట్టిపోతే నేను వేస్తాను. బదులుగా ఆదివారం మోరీ వాళ్లు తీస్తారు. హద్దు మీరితే పచ్చడి బండతో గోడ మీద రెండు దెబ్బలు, అరుపులు లేవు. ఆ ఏడాదిలో బండ నాలుగైదుసార్లు మోగింది. ఒకసారి వాళ్లే మోగించారు, మా టీవీకి.

ఓనరును బ్రతిమాలడమే కష్టమైంది. “నువ్వే గదమ్మా ఎల్లగొట్టమన్నది” అని నవ్వాడు. పరీక్షలయ్యే వరకు ఉండనిచ్చాడు.

అన్ని రూములు ఇట్లా తేలవు. త్రాగి సీసాలు విసిరేవారు, ఆడపిల్లలు నడిచే దారిలో కూర్చొని మాటలనేవారు ఉన్నారు. అక్కడ ప్రేమ పేరిట ఊరుకోవడం ఆ ఆడపిల్లలకు ద్రోహం. మొదట ఇద్దరు ముగ్గురు పెద్దలు కలిసి వెళ్లండి, తరువాత ఓనరు, వినకపోతే 100కు ఫోను. ఆడపిల్లల విషయమైతే షీ టీములున్నవి. ప్రక్క ఇండ్లవారికి పీడగా ఉన్న కిరాయిదారుని ఖాళీ చేయించేందుకు 1960 కిరాయి చట్టములోనే వీలు ఉన్నది. అయితే కోర్టుకు వెళ్లవలసినది ఓనరే.

పల్లెలో ఉన్న తల్లిదండ్రులారా, మీతో ఒక మాట. పిల్లవాణ్ణి రూములో దింపి, బియ్యం మూట పెట్టి, అదే బస్సుకు తిరిగిపోకండి. కుడి ఎడమ ఇండ్ల తలుపు తట్టి, “వీడు మా పిల్లగాడు” అని ముఖం చూపించి, మీ ఫోను నంబరు ఇచ్చి పొండి. ఆ వానకాలం మా ప్రక్క పిల్లలలో ఒకనికి జ్వరం వచ్చి మూడు దినాలు తగ్గలేదు. మన వైపు వానకాలపు జ్వరాలు ఎట్లాంటివో మీకు తెలుసు. రాత్రి తొమ్మిదికి వాళ్లు గోడ మీద రెండు దెబ్బలు కొట్టారు. మా ఆయన ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయారు. మలేరియా అన్నారు. తల్లికి ఫోను చేద్దామంటే నంబరు ఆ పిల్లవాని ఫోనులోనే ఉన్నది, వాడు తాళం తీయలేని స్థితిలో ఉన్నాడు. ఆమెకు కబురు అందేసరికి మరునాటి మధ్యాహ్నం. కౌటాల అవతల నుండి వచ్చి, కొడుకు మంచం దగ్గర కాదు, ముందుగా మా ఆయన దగ్గర నిలబడింది. ఏమీ మాట్లాడలేదు.

మరుసటి ఏడు పరీక్షలైన తరువాత ఆ నలుగురు వెళ్లిపోయారు. చెత్త డబ్బాలు రెండూ కడిగి మా గేటు దగ్గర బోర్లించి పోయారు. జూన్‌లో కొత్త పిల్లలు దిగారు. ఆటోలో నుండి మొదట దించినది స్పీకరు డబ్బా. మా ఆయన నా వైపు చూశారు. నేను పప్పు కడగడానికి లేచాను.