గింజ వచ్చింది – సున్నం రాలేదు

విదేశం వెళ్లివచ్చినవాళ్లు సావనీరుకు వ్యాసం రాస్తే అందులో విమానం, ఎత్తయిన మేడలు, మంచు వుంటాయని మిత్రులు ఎదురుచూస్తారు. నా వ్యాసంలో అవేవీ లేవు. వున్నదల్లా మక్కరొట్టె, అందులో పడిన చిటికెడు సున్నం. పాఠకులు నిరాశపడవద్దని ముందే మనవి చేస్తున్నాను.

మాది కరీంనగర్ జిల్లాలో వ్యవసాయ కుటుంబం. వానాకాలం పత్తి, యాసంగి మక్కలు. రెండేళ్ల కిందట ఇంటర్మీడియెట్ అయ్యాక అగ్రికల్చర్ బి.యస్సీ.కి ప్రవేశపరీక్ష రాశాను. నాకు వచ్చిన ర్యాంకు సీటుకు చాలలేదు. బాపు పెద్దగా బాధపడలేదు. "మంచిదే అయింది బిడ్డా, ఈ మట్టి పని మాతోనే పోనియ్యి" అన్నాడు. సీటు పోయినదానికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ నొప్పించింది. సరిగ్గా అప్పుడే మెక్సికోలో మక్కల మీద పరిశోధన చేస్తున్న మా చిన్నాయన దగ్గరనుంచి కబురు వచ్చింది. చిన్నమ్మకు కాన్పు దగ్గరపడుతోంది, తోడుకు యింటి మనిషి కావాలని. ఆ విధంగా నేను జులై నుంచి నవంబరు దాకా అయిదు నెలలు టెక్స్‌కోకో అనే వూళ్లో వున్నాను.

కొత్త వూరు, కొత్త వేళలు

టెక్స్‌కోకో మెక్సికో నగరానికి తూర్పున, సముద్రమట్టానికి సుమారు 2,250 మీటర్ల ఎత్తున వుంది. అంత ఎత్తున గాలి పీడనం తక్కువ గనుక నీళ్లు 100 డిగ్రీల దాకా పోకుండా 92, 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్న యీ సంగతి నాకు నిజంగా తలకెక్కింది అక్కడి పొయ్యి ముందే. కుక్కర్ లేకుండా కందిపప్పు పెడితే గంటన్నర గడిచినా పలుకు పలుకుగానే వుండేది.

ఆ వూరి దగ్గర్లోనే చాపింగో వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఎల్ బతాన్ అనేచోట అంతర్జాతీయ మక్క, గోధుమ పరిశోధన కేంద్రం వున్నాయి. 1970లో నోబెల్ శాంతి బహుమతి పొందిన నార్మన్ బోర్లాగ్ పనిచేసిన కేంద్రం అదే. 1966లో మన దేశం మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించుకున్నది. మన చపాతీకి ఆ దేశంతో అప్పుడే చుట్టరికం కలిసిందన్నమాట.

పొద్దున్నే మూడుచక్రాల బండి మీద పెద్ద గుండిగ పెట్టుకుని తమాలెలు అమ్మేవాడు కేక వేసుకుంటూ వస్తాడు. మక్కపిండి ముద్దను ఎండిన కంకి పొట్టులో చుట్టి ఆవిరి మీద వుడికిస్తే తమాలె. మన కుడుముకు దగ్గరి చుట్టం. దానికి తోడు అతోలె, అంటే వేడి మక్కజావ. అసలు భోజనం మధ్యాహ్నం రెండు దాటాకే. రాత్రికి ఏదో కొంచెం తిని పడుకుంటారు. పన్నెండింటికే ఆకలయ్యే నాకు మొదటి వారం ప్రాణం పోయినంత పనయింది. చిన్న హోటల్లో తిని లేచేవాడు, పక్క బల్ల దగ్గరివాళ్లు ముక్కూ మొహం తెలియనివాళ్లయినా సరే, "ప్రోవెచో" అని చెప్పి పోతాడు. కడుపారా తినండని అర్థం. ఈ మర్యాద మన హాస్టల్ మెస్సుకు ఎప్పుడు వస్తుందో!

వారానికోసారి అంగడి. దాన్ని తియాంగిస్ అంటారు. స్పెయిన్‌వాళ్లు రాకముందు నుంచీ వున్న నహువా భాష మాట అది. మొదటిసారి పోయినప్పుడు అక్కడ కుప్పలు పోసిన గంగవాయిలి కూర చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది. అదే ఆకు, అదే ఎర్రకాడ. తోటకూర వుంది. తోటకూర జాతి గింజల పేలాలను పాకం పట్టి చేసిన అచ్చులు వున్నాయి. మనం చేనుకు కంచెగా వదిలేసే నాగజెముడును ముళ్లు గీకి, ముక్కలు కోసి కూర వండుతారు. అది తినవచ్చునని తెలియక ఇన్నేండ్లు దాని ముళ్లు మాత్రం గుచ్చించుకున్నాం.

అన్నిటికన్నా వింత ఒకటి వుంది. మా జొన్నకంకికి కాటుక తెగులు వస్తే బాపు తెంపి కాలబెడతాడు. అక్కడ మక్కకంకి మీద అటువంటిదే ఒక తెగులు వస్తుంది. గింజలు నల్లగా, బూడిదరంగుగా వుబ్బిపోతాయి. దాన్ని వీత్లకోచె అంటారు, మంచి కంకికన్నా ఎక్కువ ధరకు కొని వండుకుంటారు. మొదటిసారి నేను ముట్టలేదు. రెండోసారి తిన్నాను. పుట్టగొడుగు రుచే. రెండూ శిలీంధ్రాలే గదా!

ఆమె అడిగిన ప్రశ్న

మేము అద్దెకున్న యింటావిడకు అరవై దాటాయి. అందరిలాగే నేనూ ఆమెను 'దోన్యా' అని పిలిచేదాన్ని. పెద్దవాళ్లను గౌరవంగా పిలిచే మాట. నాకు వచ్చిన స్పానిష్ నలభై మాటలు, మిగతాదంతా చేతులూ మొహమూ. ఆమెకు వూరి చివర చిన్న చేను వుంది. అందులో మక్క, చిక్కుడు జాతి గింజ, గుమ్మడి మూడూ కలిపి వేస్తారు. ఈ పద్ధతి పేరు మిల్పా. మక్క కాడ తీగకు పందిరి. తీగ వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు యిస్తాయి. గుమ్మడాకు నేలను కప్పి కలుపును ఆపుతుంది. పళ్లెంలో కూడా అంతే. మక్కలో తక్కువైన లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలను చిక్కుడు గింజ పూరిస్తుంది.

ఒకనాడు కలుపు తీస్తుంటే ఆమె ఒక మొక్కను పట్టి చూపించింది. అచ్చం మక్కమొక్కే. నేనైతే వదిలేసేదాన్నే. అది తెయోసింతె అనే గడ్డి. దాని కంకిలో రాయిలాంటి పెంకున్న గింజలు పదో పన్నెండో వుంటాయి. దాదాపు 9,000 ఏళ్ల కిందట మెక్సికో రైతులు ఆ జాతి గడ్డినుంచే ఏరి ఏరి విత్తి మక్కను తయారుచేశారు. ప్రయోగశాల లేదు, డిగ్రీ లేదు.

గట్టు మీద కూర్చున్నాక ఆమె అడిగింది: "మీ నాయన ఏం పండిస్తాడు?"

"మక్కలే" అన్నాను గర్వంగా.

"మరి మీ యింట్లో రొట్టెలు ఎవరు చేస్తారు?"

"మేం తినం. కోళ్ల దాణాకు పోతాయి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె నవ్వలేదు, తప్పు పట్టలేదు. ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను చెప్పింది పూర్తి నిజం కాదు. మా నాయినమ్మ మక్క గట్క తినే పెరిగింది. ఆ సంగతి చెప్పడానికి నాకు నామోషీ అయింది. సన్నబియ్యం రాకముందటి బీదతనం కింద మేం ఆ గట్కను ఎప్పుడో లెక్కగట్టేశాం.

మర్నాడు సాయంత్రం ఆమె నన్ను తన వంటింట్లోకి పిలిచింది.

సున్నం చేసే పని

పద్ధతి యిది. కిలో ఎండు మక్కలు, మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల పొడి సున్నం. అంటే గింజ బరువులో నూటికి ఒక పాలు. కుతకుత మరగనీయకుండా ముప్పావుగంట సన్నని మంట మీద వుంచి, దించి, రాత్రంతా అలాగే వదిలేయాలి. తెల్లవారేసరికి నీళ్లు పసుపుపచ్చగా, చిక్కగా అవుతాయి. గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు జారిపోతుంది. బాగా కడిగి రుబ్బితే మెత్తని ముద్ద. ఇలా వండిన గింజ పేరు నిస్తమాల్. ఆ మాటలో బూడిద అనే అర్థమిచ్చే నహువా పదం వుంది. కట్టెల బూడిద నీళ్లు కూడా సున్నంలాగే క్షారం. పూర్వం ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని మెతాతె అనే సన్నెకల్లు మీద గంటల తరబడి నూరేవారు. గిర్నీలు వచ్చాకనే వాళ్లకు ఆ చాకిరీ తప్పింది.

కెమిస్ట్రీ విద్యార్థిని గనుక యిప్పుడు అందులో జరిగేదేమిటో చెప్పగలను. క్షారంలో గింజ పైపొరలోని హెమిసెల్యులోజ్ కరుగుతుంది, అందుకే పొట్టు వూడుతుంది. పిండిపదార్థం కొంత వుబ్బి జిగురు పుడుతుంది. గోధుమలోలాగ మక్కలో గ్లూటెన్ లేదు. వుత్త మక్కపిండి తడిపి ఒత్తితే అంచులు పగులుతాయి. ఈ ముద్ద పగలదు, పలుచని రొట్టె అవుతుంది. సున్నంలోని కాల్షియం కొంత గింజలోకి చేరుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది నయాసిన్ అనే విటమిన్. మక్కలో అది వుంది, కాని ఎక్కువ భాగం వేరే పదార్థాలతో బంధించబడి వుంటుంది. మన పేగులు ఆ బంధాన్ని తెంచలేవు. సున్నపు నీళ్లు తెంచుతాయి.

ఇది చిన్న విషయమని అనుకోవద్దు. కొలంబస్ ప్రయాణాల తర్వాత మక్కలు ఐరోపాకు పోయాయి. సున్నం వేసే పద్ధతి పోలేదు. బీదవాళ్లు మక్కపిండి జావతోనే కడుపు నింపుకున్నచోట చర్మం పగిలి నల్లబడే వొక కొత్త జబ్బు పుట్టింది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు దాన్ని గుర్తించాడు. తర్వాత ఇటలీవాళ్లు పెల్లాగ్రా అని పేరు పెట్టారు. చర్మం చెడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి తప్పుతుంది, చివరకు ప్రాణం పోతుంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో యిది వేలమందిని బలిగొన్నది. అంటువ్యాధి అనుకున్నారు. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు 1914 నుంచి పరిశోధించి తప్పు తిండిదని రుజువు చేశాడు. 1937లో ఎల్వెజెమ్ అనే శాస్త్రజ్ఞుడు నయాసిన్ లోపమే కారణమని తేల్చాడు. ఇంత జరుగుతున్నా, ఎక్కువగా మక్కలే తినే మెక్సికో పల్లెల్లో ఆ జబ్బు అరుదు. అక్కడ సున్నం వుంది, పక్కన చిక్కుడు గింజ వుంది.

ఈ కథ మనకు దూరపుది కాదు. మన దక్కను పీఠభూమిలో జొన్నే తిని బతికే బీదలలో పెల్లాగ్రా కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దాన్ని పరిశీలించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా వుండటం కారణం కావచ్చునని 1960లో సూచించారు.

మెక్సికోలో అంతా బంగారమని నేను చెప్పడం లేదు. 1994లో అమెరికా, కెనడాలతో వాణిజ్య ఒప్పందం అమలయ్యాక దిగుమతి మక్కలు వచ్చిపడ్డాయి, చిన్నరైతు నలిగాడు. ఇప్పుడు చాలా రొట్టెల దుకాణాలలో వాడేది గింజ కాదు, మిల్లులో తయారైన సంచి పిండి. కూల్‌డ్రింకుల వాడకం ఎంతగా పెరిగిందంటే 2014లో వాటి మీద ప్రత్యేక పన్ను వేయవలసి వచ్చింది. అయినా తమ గింజ తమకు పరువు అన్న భావం వాళ్లలో చావలేదు. జన్యుమార్పిడి మక్కలు విత్తకుండా 2025లో రాజ్యాంగాన్నే సవరించుకున్నారు.

మా యింట్లో ప్రయోగం

తిరిగి వచ్చాక మా మక్కలతోనే చేసి చూశాను. సున్నం నాయినమ్మ ఆకువక్కల డబ్బీలోనిది. (తినే సున్నమే వాడాలి. గోడల సున్నం వాడవద్దు. కంట్లో పడకుండా చూసుకోవాలి.) మొదటిసారి పిడికెడు వేశాను. రొట్టెలు పచ్చగా, చేదుగా, సబ్బు వాసనతో వచ్చాయి. మా కుక్క కూడా వాసన చూసి పోయింది. రెండోసారి కిరాణా కొట్టు త్రాసులో తూచి వేశాను, నాలుగు నీళ్లు కడిగాను. గ్రైండర్లో రుబ్బి, రెండు ప్లాస్టిక్ కాగితాల నడుమ పళ్లెంతో ఒత్తి, పెంక మీద కాల్చాను. పొంగాయి.

నాయినమ్మ ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "మా అమ్మ గట్కలకు మక్కలు దంచుతుంటే గిట్లనే వాసనచ్చేది" అన్నది. ఆమెను ఆ రోజు గట్క ఎట్లా వండేవారో మొదలుకొని అడిగినవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఇన్నాళ్లూ ఆమెను ఎవరూ అడగలేదు.

బాపు చింతకాయ తొక్కుతో తిన్నాడు. "మన మక్కలేనా?" అని ఒక్క మాట అడిగాడు. ముప్పై ఏండ్లుగా తాను పండిస్తున్న గింజతో చేసిన రొట్టె ఆయన తినడం అదే మొదలు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. మూడో రొట్టె అడిగాడు.

మొన్నటి యాసంగిలో సెలవులకు యింటికి పోతే బాయికాడ గట్టు పక్కన నాలుగు సాళ్లు విడిగా వదిలి వున్నాయి. ఏమిటని అడిగాను. "ఇంట్లకు" అన్నాడు బాపు. కొంచెంసేపు ఆగి, "నడుమ బొబ్బెర్లు పెట్టాలంటివి గద. నువ్వే వచ్చి పెట్టు" అన్నాడు.

పెట్టి వచ్చాను. ల్యాబ్‌లో సున్నపు నీళ్లలో ఫినాఫ్తలీన్ చుక్క పడి గులాబీరంగు వచ్చినప్పుడల్లా నాకు ఆ సాళ్లే గుర్తుకొస్తాయి. మిత్రులకు నాదొక్కటే విన్నపం. ఈ సెలవులలో మీరు కూడా మీ యింటి పెద్దవాళ్లను ఒక్క వంట గురించి అడిగి రాసుకోండి. అందులో ఏ సూత్రం వుందో తర్వాత తరగతిలో వెతుక్కోవచ్చు. అడగవలసినవాళ్లు మాత్రం ఎప్పటికీ వుండరు.

— బి.యస్సీ., ద్వితీయ సంవత్సరం