ట్రాక్టర్ వెనక ట్రక్కు: అపోహలు – వాస్తవాలు

మిరప కోతలు మొదలైతే సత్తెనపల్లి నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా రోడ్డంతా టిక్కీల (మిర్చి బస్తాల) ట్రాక్టర్లే. ఎక్కువ సరుకు పట్టాలని ట్రక్కు తలుపుల ఎత్తు పెంచుతారు, కమాను కట్టల్లో పట్టీలు కలుపుతారు. ఈ మార్పుల మీద పెట్టుకున్న నమ్మకాలు కొన్ని ప్రాణాల మీదికి తెస్తున్నాయి.

అపోహ: యాభై హెచ్‌పీ ట్రాక్టర్, ఎంతైనా లాగుతుంది.

వాస్తవం: లాగుతుంది, నిజమే. ఆపగలదా అన్నదే అసలు ప్రశ్న. నలభై కిలోల టిక్కీలు వంద వేస్తే నాలుగు టన్నులు. ట్రాక్టర్ బరువు రెండు టన్నుల చిల్లర. చాలా ట్రక్కులకు బ్రేకులే ఉండవు. అంత బరువునీ ట్రాక్టర్ వెనక చక్రాలే ఆపాలి. కాలువ కట్ట దిగేటప్పుడు బ్రేకు తొక్కితే వెనకున్న సరుకు ట్రాక్టర్‌ను ముందుకు నెడుతుంది, మలుపులో అయితే పక్కకు తోసేస్తుంది. వేగం రెట్టింపైతే ఆగడానికి నాలుగింతల దూరం కావాలి.  అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దాదాపు 1,360 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి.

పైసా ఖర్చులేని జాగ్రత్త ఒకటుంది. పొలంలో మలుపు కోసం కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను విడదీస్తాం. రోడ్డెక్కే ముందు వాటిని కలిపి లాక్ చేయాలి. మరిచిపోతే ఒక చక్రమే పట్టి బండి పక్కకు లాగేస్తుంది.

అపోహ: పట్టీలు కలిపితే మోసే శక్తి పెరుగుతుంది.

వాస్తవం: ట్రక్కు కిందికి కుంగదు, అంతే. ఇరుసు, బేరింగులు, టైర్లు పాతవే. ఆర్‌సీలో రాసిన బరువూ మారదు. అది దాటితే 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000.

అపోహ: పత్తి తేలికే, ఎంత ఎత్తు వేసినా పరవాలేదు.

వాస్తవం: ఎత్తు పెరిగేకొద్దీ బరువు పైకి చేరి, మలుపులో ట్రక్కు తేలిగ్గా ఒరిగిపోతుంది.

అపోహ: ముందు చక్రాలు లేస్తుంటే బంపర్ మీద ఇద్దరిని కూర్చోబెడితే చాలు.

వాస్తవం: కొక్కెం ఎత్తుగా తగిలించినా, బరువు మితిమీరినా చక్రాలు లేస్తాయి. కంపెనీ బిగించిన కింది హుక్కుకే ట్రక్కు కట్టాలి, బరువు తగ్గించాలి. మనుషులు తూకం రాళ్లు కారు.

అపోహ: పక్క ఊరే కదా, కూలీలను ట్రక్కులో ఎక్కిస్తే ఏమవుతుంది?

వాస్తవం: 2025 ఫిబ్రవరిలో, సత్తెనపల్లి పక్కనే ఉన్న ముప్పాళ్ల మండలంలో మిరప కోతల కూలీల ట్రాక్టర్ బోల్తా పడి నలుగురు మహిళలు చనిపోయారు. వాళ్లదీ దగ్గరి దారే. సరుకు బండిలో మనుషులను ఎక్కిస్తే బీమా పరిహారం కూడా చిక్కుల్లో పడుతుంది.

రైతులకూ మేస్త్రీలకూ ఒక్కటే విన్నపం. కోతలు మొదలవక ముందే ట్రక్కుకు బ్రేకులు పెట్టించండి. కూలీలకు వేరే బండి మాట్లాడండి.