వంటకూ ఒక పట్టా!

భోజనం రుచిగా వుందని చెప్పాలంటే మనవాళ్ళకు 'నలభీమపాకం' అన్న మాట నాలుక చివరనే వుంటుంది. నలుడు నిషధ దేశానికి రాజు. భీముడు పాండవులలో రెండవవాడు. కష్టకాలం వచ్చి ఇద్దరూ పరాయి పంచన గరిటె పట్టినవాళ్ళే. ఆ ఇద్దరినీ తరతరాలుగా పొగుడుతున్న మనమే, ఇంట్లో పిల్లలెవరైనా "వంటే నా వృత్తి" అంటే మాత్రం గతుక్కుమంటాం. ఎందుకంటారు?

మా అన్నయ్య కూతురు ఈమధ్యనే హైదరాబాదులో పాకకళలో డిగ్రీ పూర్తిచేసింది. ఒక పెద్ద హోటలు వంటశాలలో శిక్షణ ఉద్యోగం కూడా వచ్చింది. ఇంట్లో పాయసం చేసుకోవలసిన వార్త! మా అన్నయ్య ఆ ఉత్తరువు చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "రేపు సంబంధం వాళ్ళు వచ్చి అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏమని చెప్పను? వంటమనిషి అని చెప్పనా?" అన్నాడు. మా వదిన పక్కనే నిలబడి వున్నది. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంటికి రెండుపూటలా వండిపెడుతున్న మనిషి. ఆవిడ ఏమీ అనలేదు.

మా అమ్మది మరో వాదం. "వంటకు కూడా చదువేమిటే? నేనూ మీ అమ్మా ఏ కాలేజీలో నేర్చుకున్నాం?" అన్నది మనవరాలితో.

"నాయనమ్మా, పప్పు ఉడకకముందే చింతపండు పులుసు పోస్తావా?" అని అడిగింది పిల్ల.

"ఎవరైనా పోస్తారటే? పప్పు ఉడకదు."

"ఎందుకు ఉడకదు?"

"ఉడకదు, అంతే!"

అప్పుడు చెప్పింది మా అమ్మాయి. గింజలోని కణాలను జిగురులా పట్టివుంచే పెక్టిన్ అనే పదార్థం ఒకటుందట. అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. పులుపు తగిలితే అది సులువుగా కరగదు. చలికాలంలో ఇడ్లీపిండిని పొయ్యి దగ్గర వెచ్చగా పెట్టడమెందుకంటే, పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకు ఆ వెచ్చదనం కావాలి. కరివేపాకు, ఇంగువల పరిమళం నీళ్ళలోకన్నా నూనెలో బాగా దిగుతుంది. తిరగమోత రహస్యం అదే. మా అమ్మ అంతా విని, "అయితే ఇన్నాళ్ళూ నేను చేసిందంతా శాస్త్రమేనన్నమాట!" అని మురిసిపోయింది. చదువు వేరు, అనుభవం వేరు అనుకుంటాం గాని, ఈ పిల్ల చదువుకున్నది నాయనమ్మ చేతిపనికి వ్యాఖ్యానమే.

ఈ చదువు మన దేశంలో నిన్న మొన్న పుట్టింది కాదు. 1954లోనే లీలావతీ మున్షీగారి చొరవతో బొంబాయిలో ఇందుకొక కళాశాల వెలసింది. హైదరాబాదులో పాకకళకే ప్రత్యేకించిన అకాడమీ 1996లో ఏర్పడింది. పాశ్చాత్యులలో ఎస్కాఫియే అనే ఫ్రెంచి పాకశాస్త్రజ్ఞుడు వంటశాలను పటాలంలాగ విభాగాలు చేసి, ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క బాధ్యత అప్పగించాడు. 1903లో ఆయన ప్రకటించిన గ్రంథాన్ని ఈ విద్యార్థులు ఇప్పటికీ గౌరవిస్తారు.

ఇక చదువు ఎలా వుంటుందంటారా? మొదట కత్తి పట్టడం. క్యారెట్టును మూడేసి మిల్లీమీటర్ల ఘనాలుగా తరగాలి. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే, ఒకటి ఉడికేసరికి మరొకటి చితికిపోతుంది. తరువాత శుభ్రత. వండిన పదార్థం అయిదు డిగ్రీలకూ అరవై డిగ్రీలకూ నడుమ ఎక్కువసేపు వుంటే క్రిములు త్వరత్వరగా పెరుగుతాయి. కాబట్టి వేడిది వేడిగానే వుంచాలి, చల్లనిది చల్లగానే వుంచాలి. ఆ పైన ఖర్చు లెక్కలు. ఇంతాచేసి శిక్షణకు వెళితే, వారాల తరబడి బస్తాలకొద్దీ ఉల్లిపాయలు తరగడమే పని! మా అమ్మాయి ముంజేతిమీద కాలిన మచ్చలు మూడున్నాయి. పది గంటలు నిలబడే వుండాలి. "పండగనాడు ఊరంతా భోంచేసే వేళే మాకు పని వేళ, బాబాయ్" అన్నది.

"మరి ఇందులో నీకంత ఇష్టమేమిటే?" అని అడిగాను.

"వడ్డించిన పళ్ళెం ఎలా తిరిగివస్తుందో చూస్తూ వుంటాం. తుడిచినట్టు ఖాళీగా వచ్చిందనుకోండి, కాళ్ళ నొప్పులు గుర్తుండవు. సగం మిగిలి వస్తే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. ఎవరు తిన్నారో కూడా నాకు తెలియదు, అయినా పట్టదు" అన్నది. తిండిమీద ఇష్టం మనందరికీ వున్నదే. తినే మనిషిమీద ఇష్టం వున్నవాళ్ళే వంటవాళ్ళవుతారని నాకు అప్పుడు తోచింది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక నాకు వెంటనే దమయంతి గుర్తుకువచ్చింది. భర్త రూపం మారిపోయి బాహుకుడై వస్తే, అతను వండినది తెప్పించి రుచి చూసి, ఇది నలుడి చేతివంటేనని పోల్చుకున్నది కదా! మొగం మారినా చేతి రుచి మారలేదు. రాయలవారు 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు పెట్టిన భోజనాన్ని ఋతువులవారీగా వర్ణించారు. వానాకాలంలో వడియాలు, వరుగులు, నెయ్యి; ఎండాకాలంలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి; చలికాలంలో మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ఆవపచ్చళ్ళు. రాజ్యమేలే చక్రవర్తికి చిన్నతనం కాని విషయం మనకు చిన్నతనమెలా అయింది?

నలభీముల పేరు చెబుతాం గాని, ప్రతి ఇంట్లో రోజూ వండే స్త్రీలలో మనం పేరుపెట్టి స్మరించేది ఎందరిని? గోదావరి లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు (1841-1909) ఆ కొద్దిమందిలో ఒకరు. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆవిడ పేరు పెట్టారు. తక్కినవారి వంట ఎవరి లెక్కలోకీ రాలేదు.

చివరికి మా అన్నయ్యచేత ఊ కొట్టించింది నేనూ కాదు, మా అమ్మా కాదు. "దాన్ని వెళ్ళనివ్వండి. ఇన్నాళ్ళూ నేను చేసింది పనికిమాలిన పని కాదని నా కూతురు చదివాకే నాకూ తెలిసింది" అన్నది మా వదిన. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఆదివారం తనే వెళ్ళి కూతురికి ఒక జత మెత్తని అట్టల చెప్పులు కొనుక్కొచ్చాడు, నిలబడే ఉద్యోగం కదా అని.

పాఠకులారా, మీ ఇంట్లోనూ అస్తమానం పొయ్యి దగ్గర తచ్చాడే అబ్బాయో అమ్మాయో వుండవచ్చు. వాళ్ళను కసరకండి. అందులోని కష్టం కూడా ముందే చెప్పండి. అది విన్నాక కూడా గరిటె వదలకపోతే దారి ఇవ్వండి. ఇక పట్టా లేకుండానే మీకు రోజూ వండిపెడుతున్నవారి సంగతంటారా, ఈ పూట పప్పు బాగా కుదిరితే కుదిరిందని ఒక్క మాట అనండి. ఉప్పు తక్కువైన రోజున ఆ మాట చెప్పడం మనమెవరమూ మరిచిపోం కదా!